విదేశీ సెమిస్టర్... విలువ తేలేది విమానం ఎక్కకముందే!

‘జర్మనీలో ఒక సెమిస్టర్ చదివావు కదా, ప్లేస్‌మెంట్‌లో ఏమైనా కలిసొచ్చిందా?’ ఈ ఏడాది నన్ను జూనియర్లు ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. వెనకాల ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది. ‘రెజ్యుమేలో ఫారిన్ యూనివర్సిటీ పేరు ఉంటే షార్ట్‌లిస్ట్ అవుతామా?’

సూటిగా చెప్తాను. పేరు వల్ల ఏమీ రాదు. కంపెనీ ఫిల్టర్‌కి మీరు డ్రెస్డెన్‌లో చదివారా, దిల్‌సుఖ్‌నగర్‌లో చదివారా అన్నది కనపడదు. దానికి కనిపించేవి సీజీపీఏ, బ్యాక్‌లాగ్‌లు, బ్రాంచి. అలాగని ఆ సెమిస్టర్ వృథా అని నేను అనను. నాకు అది బాగానే పనికొచ్చింది. కానీ అదే సమయంలో వెళ్లిన మరో అమ్మాయికి ఎదురు తిరిగింది. ఇద్దరం చదివింది ఒకే దేశంలో, ఇద్దరం పాసయ్యాం. తేడా అక్కడి చదువులో లేదు. వెళ్లేముందు ఇక్కడ చేసుకున్న ఏర్పాట్లలో ఉంది. ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ లాభమా, నష్టమా అన్నది చాలావరకు విమానం ఎక్కకముందే తేలిపోతుంది. ఈ మాట మన కాలేజీల్లో ఎవరూ చెప్పడం లేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

ఇది ఎమ్మెస్ కాదు

మన దగ్గర ఫారిన్ చదువు అంటే ఎమ్మెస్సే. బీటెక్ అవగానే లోన్, వీసా, రెండేళ్ల కోర్సు. సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ దారి వేరు. మీరు మీ కాలేజీ విద్యార్థిగానే ఉంటారు. డిగ్రీ ఇచ్చేది మీ యూనివర్సిటీయే. మధ్యలో ఒక్క సెమిస్టర్ మాత్రం, ఒప్పందం ఉన్న విదేశీ యూనివర్సిటీలో చదివి, అక్కడి క్రెడిట్లు ఇక్కడికి తెచ్చుకుంటారు. ట్యూషన్ ఫీజు సాధారణంగా ఇక్కడే కడతారు. అక్కడ మళ్లీ కట్టక్కర్లేదు.

యూరప్‌లో ఇది మామూలు విషయం. 1987లో మొదలైన ఎరాస్మస్ కార్యక్రమం కింద అక్కడి విద్యార్థులు ఒక దేశంలో చేరి, ఇంకో దేశంలో ఒక సెమిస్టర్ చదివి వస్తారు. మన దగ్గర ఇప్పుడిప్పుడే ఊపందుకుంటోంది. యూజీసీ 2022లో ట్విన్నింగ్, జాయింట్ డిగ్రీ, డ్యూయల్ డిగ్రీలకు నిబంధనలు తెచ్చింది. వాటితో దీన్ని కలపొద్దు. వాటిలో డిగ్రీ నిర్మాణమే రెండు యూనివర్సిటీల మధ్య ఉంటుంది. నేను మాట్లాడేది ఒక్క సెమిస్టర్ గురించే.

ఇంకొకటి కూడా ఉంది. రెండు వారాలు తీసుకెళ్లి, నాలుగు క్యాంపస్‌లు చూపించి, గ్రూప్ ఫొటో తీసి, ‘ఇంటర్నేషనల్ ఎక్స్‌పోజర్’ అని సర్టిఫికెట్ ఇచ్చే ప్యాకేజీలు. దాన్ని టూర్ అనుకుని వెళ్తే ఫర్వాలేదు. చదువు అనుకుని లక్షలు కడితే మాత్రం నష్టపోతారు. అక్కడ పరీక్ష ఉందా, క్రెడిట్లు ఉన్నాయా, యూనివర్సిటీ మార్కుల పత్రం ఇస్తుందా? ఈ మూడూ లేకపోతే అది సెమిస్టర్ కాదు.

నేను ఈసీఈ. చిప్ డిజైన్ వైపు వెళ్లాలని ఉంది. అందుకే టీయూ డ్రెస్డెన్‌ను ఎంచుకున్నాను. ఆ ప్రాంతాన్ని ‘సిలికాన్ సాక్సనీ’ అంటారు. ఇన్ఫినియన్, గ్లోబల్‌ఫౌండ్రీస్, బాష్‌లకు అక్కడ చిప్ ఫ్యాక్టరీలున్నాయి. తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ కూడా మూడు యూరప్ కంపెనీలతో కలిసి పెడుతున్న ఫ్యాక్టరీకి 2024 ఆగస్టులో అక్కడే శంకుస్థాపన చేసింది. ఊరు అందంగా ఉందనో, సీనియర్లు వెళ్లారనో కాకుండా మీ బ్రాంచికి అక్కడ ఏముందో చూసి ఎంచుకోండి. తర్వాత ఇంటర్వ్యూలో ‘ఆ ఊరే ఎందుకు?’ అని అడిగితే చెప్పడానికి జవాబు ఉంటుంది.

ఒక్క కాగితం, మూడు సంతకాలు

‘లర్నింగ్ అగ్రిమెంట్’ అని ఒక కాగితం ఉంటుంది. అక్కడ ఏ సబ్జెక్టులు చదువుతారు, వాటికి బదులుగా ఇక్కడ ఏ సబ్జెక్టులు పూర్తయినట్టు లెక్క అన్నది అందులో రాస్తారు. విద్యార్థి, ఇక్కడి కాలేజీ, అక్కడి యూనివర్సిటీ, ముగ్గురూ సంతకం చేయాలి. మొత్తం వ్యవహారంలో దీన్ని మించిన కాగితం లేదు. వీసా కూడా దీని తర్వాతే.

క్రెడిట్ల లెక్క మొదట అర్థం చేసుకోవాలి. యూరప్‌లో సెమిస్టర్‌కి 30 ఈసీటీఎస్ క్రెడిట్లు. జర్మనీలో ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల పని అని లెక్క. క్లాసు, ఇంట్లో చదువు, పరీక్షకు ప్రిపరేషన్ అన్నీ కలిపి. మన ఏఐసీటీఈ మోడల్ కరిక్యులమ్ ప్రకారం బీటెక్ నాలుగేళ్లకు సుమారు 160 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కి 20. కాబట్టి అక్కడి 30కి ఇక్కడి 20 సమానం అనుకోవాలి. ఇది మనకు సులువుగానే కనిపిస్తుంది. కానీ కాలేజీ ఎగ్జామ్ సెల్‌లో ‘ముప్పై తెచ్చావు, మాకు ఇరవయ్యే కావాలి, మిగతా పది ఏం చేయాలి?’ అని అడిగేవాళ్లు ఉంటారు. ఆ ప్రశ్న మీరు తిరిగొచ్చాక కాకుండా వెళ్లకముందే రావాలి.

నేను చెప్పిన అమ్మాయిది వేరే కాలేజీ. ‘ముందు వెళ్లిరామ్మా, క్రెడిట్ల సంగతి తర్వాత చూద్దాం’ అని అక్కడివాళ్లు భరోసా ఇచ్చారు. నోటి మాటే. ఆమె జర్మనీలో ఐదు సబ్జెక్టులు మంచి గ్రేడ్లతో పాసై వచ్చింది. వచ్చేసరికి మాట ఇచ్చిన సార్ బదిలీ అయిపోయారు. కొత్తగా వచ్చినవాళ్లు సిలబస్‌లు పక్కపక్కన పెట్టి, నాలుగు సబ్జెక్టులు మనవాటితో సరిపోలడం లేదన్నారు. ఆ నాలుగూ ఆమె సప్లిమెంటరీలో రాయాల్సి వచ్చింది. ఫలితాలు వచ్చేదాకా ప్లేస్‌మెంట్ పోర్టల్‌లో ఆమె పేరు పక్కన ‘యాక్టివ్ బ్యాక్‌లాగ్స్: 4’ అని ఉంది. ఒక్క సబ్జెక్టు కూడా ఫెయిలవని అమ్మాయి, బ్యాక్‌లాగ్‌ల వల్ల మొదటి ఐదు కంపెనీలకు దరఖాస్తే చేయలేకపోయింది. ఇంట్లోవాళ్లకు ఇది ఎలా చెప్పాలో తెలియక రెండు నెలలు చెప్పలేదు.

‘అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఉంది కదా, అందులో పడిపోతాయిలే’ అనుకునేవాళ్లున్నారు. 2021లో వచ్చిన ఆ ఏర్పాటు మంచిదే. కానీ విదేశీ యూనివర్సిటీ మార్కుల పత్రం దానంతటదే అందులోకి నడిచి వెళ్లదు. మీ కాలేజీ ఆమోదం కావాలి. ఆ ఆమోదం కాగితం మీద ఉండాలి.

నా విషయంలో నాలుగు సబ్జెక్టులకు అక్కడి సబ్జెక్టులు సరిపోయాయి. ఐదోదానికి సరిపోయేది అక్కడ లేదు. దాన్ని స్వయంలో ఆన్‌లైన్ కోర్సుగా పూర్తిచేయొచ్చని డిపార్ట్‌మెంట్ ముందే రాసిచ్చింది. ఈ ఒక్క లెటర్ కోసం నెలన్నర తిరిగాను. హెచ్‌ఓడీ మేడమ్ దగ్గరికి, ఎగ్జామ్ సెల్‌కి, ప్రిన్సిపల్ ఆఫీసుకి. విసుగొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నెలన్నరే మిగతా ఆరు నెలల్ని కాపాడింది.

గ్రేడ్ 1.7 అంటే మంచిదా?

జర్మనీలో గ్రేడ్లు తలకిందులుగా ఉంటాయి. 1.0 అన్నిటికన్నా గొప్ప. 4.0 అంటే అత్తెసరు పాస్. 5.0 అంటే ఫెయిల్. నాకు సెమీకండక్టర్ సబ్జెక్టులో 1.7 వచ్చింది. అక్కడ దాన్ని ‘మంచిది’ అంటారు. ఇక్కడ పోర్టల్‌లో పదికి 1.7 అని పడితే?

అక్కడివాళ్లు విదేశీ మార్కుల్ని తమ గ్రేడ్లలోకి మార్చడానికి ఒక సూత్రం వాడతారు. ‘మోడిఫైడ్ బవేరియన్ ఫార్ములా’ అంటారు. గరిష్ఠ మార్కులోంచి మీకొచ్చిన మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠ మార్కుకూ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చవేసి, ఒకటి కలపాలి. అదే సూత్రాన్ని వెనక్కి తిప్పితే జర్మన్ గ్రేడ్ మన పాయింట్లలోకి వస్తుంది. పదికి నాలుగు పాస్ అనుకుంటే 1.7 అంటే 8.6. ఐదు పాస్ అనుకుంటే ఇంకాస్త పెరుగుతుంది. చూశారుగా, పాస్ మార్కు ఎంత అనుకున్నారన్న దాన్నిబట్టి మీ సీజీపీఏ మారిపోతుంది. అందుకే ఏ పద్ధతిలో మారుస్తారో కూడా ముందే రాయించుకోవాలి. కొన్ని కాలేజీలు గ్రేడ్ మార్చకుండా ‘పాస్’ అని మాత్రం వేసి, సీజీపీఏ లెక్కలోంచి ఆ సెమిస్టర్‌ను పక్కనపెడతాయి. అదీ ఒక పద్ధతే. కానీ అప్పుడు పోర్టల్‌లో ఐదో సెమిస్టర్ గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ గడిని కంపెనీ ఫిల్టర్ ఎలా చదువుతుందో ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని అడిగి తెలుసుకోండి.

క్యాలెండర్ చూడకుండా కదలొద్దు

మన క్యాలెండర్‌కీ వాళ్ల క్యాలెండర్‌కీ పొత్తు కుదరదు. జర్మనీలో వింటర్ సెమిస్టర్ అక్టోబరు నుంచి మార్చి దాకా. క్లాసులు ఫిబ్రవరి మొదట్లో అయిపోతే పరీక్షలు తర్వాత జరుగుతాయి. సమ్మర్ సెమిస్టర్ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. క్లాసులు జులైలో ముగుస్తాయి, పరీక్షలు ఆగస్టుకి కూడా పాకుతాయి.

ఇప్పుడు మన వైపు చూడండి. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు చాలా కాలేజీల్లో ఏడో సెమిస్టర్ మొదట్లోనే, జులై, ఆగస్టుల్లో మొదలవుతాయి. ఆరో సెమిస్టర్ అని సమ్మర్‌లో జర్మనీ వెళ్తే మీరు అక్కడ పరీక్షలు రాస్తున్నప్పుడే ఇక్కడ మంచి కంపెనీలు వచ్చి వెళ్లిపోతాయి. ఆన్‌లైన్ టెస్ట్ అక్కణ్నుంచి రాయొచ్చనుకుంటారు. ఇంటర్వ్యూకి క్యాంపస్‌కి రమ్మంటే?

ఐదో సెమిస్టర్‌కి వింటర్‌లో వెళ్తే ప్లేస్‌మెంట్లకు ఇబ్బంది లేదు. కానీ తిరిగొచ్చేసరికి ఇక్కడ ఆరో సెమిస్టర్ సగం నడిచిపోతుంది. 75 శాతం హాజరు నిబంధన ఉండనే ఉంది. నేను మార్చి మొదటి వారంలో వచ్చాను. పోయిన వారాలకు హాజరు మినహాయింపు, మొదటి మిడ్ విడిగా రాసుకునే వెసులుబాటు ఆ లెటర్‌లోనే ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. నా ఓటు ఐదో సెమిస్టర్‌కే. నాలుగో సెమిస్టర్ అయితే ఇంకా తేలిక, కానీ అప్పటికి మన చేతిలో కోర్ సబ్జెక్టులు పెద్దగా ఉండవు. అక్కడ ఏం చదవాలో కూడా తెలియదు.

డబ్బు లెక్క దాచొద్దు

‘ట్యూషన్ ఫీజు లేదు’ అనగానే ఉచితం అనుకుంటారు. కాదు. జర్మనీ వీసాకు మీ ఖర్చులకు సరిపడా డబ్బు ఉందని చూపించాలి. ప్రస్తుత లెక్క నెలకు 992 యూరోలు, ఏడాదికి 11,904. ఆరు నెలలకు 5,952 యూరోలు. యూరో వంద రూపాయలనుకుంటే దాదాపు ఆరు లక్షలు. దాన్ని ‘బ్లాక్డ్ అకౌంట్’లో వేస్తే నెలనెలా మీకే తిరిగిస్తారు. అది మీ డబ్బే. కానీ ఒకేసారి చేతిలో ఉండాలి. మా ఇంట్లో దానికోసం నాన్న చీటీ పాడారు, తగ్గిన మొత్తం బాబాయ్ సర్దారు.

నెల ఖర్చు నాకు 800 యూరోల లోపే సరిపోయింది. స్టూడెంట్ హాస్టల్ గదికి మూడు వందల చుట్టూ, హెల్త్ ఇన్సూరెన్స్‌కి 140 పైన, మిగతాది తిండి, ఫోన్, చిల్లర. సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అని మొదట్లో సుమారు మూడు వందలు కట్టాలి. అందులోనే బస్సులు, ట్రామ్‌లు, లోకల్ రైళ్లలో తిరిగే టికెట్ ఉంటుంది. వీసా ఫీజు 75 యూరోలు. విమానం టికెట్లు వేరే. అన్నీ కలిపి నాకు ఐదున్నర లక్షలు దాటింది.

ఈ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? ఎరాస్మస్ ప్లస్ కింద మీ కాలేజీకి అక్కడి యూనివర్సిటీతో ఒప్పందం ఉంటే నెలవారీ గ్రాంటు, ప్రయాణ ఖర్చు ఇచ్చే అవకాశం ఉంది. ఫ్రాన్స్‌కి వెళ్లేవాళ్లకు చార్పాక్ స్కాలర్‌షిప్‌లున్నాయి. మొత్తం సెమిస్టర్ కాకుండా వేసవిలో రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ చాలనుకుంటే జర్మనీకి డాడ్ వారి ‘వైజ్’, కెనడాకి ‘మైటాక్స్ గ్లోబలింక్’ ఉన్నాయి. ఈ వేసవి దారి గురించి గట్టిగా ఆలోచించండి. క్రెడిట్ల గొడవ లేదు, సెమిస్టర్ పోదు, స్కాలర్‌షిప్ వస్తే ఖర్చూ తక్కువ.

వడ్డీకి తెచ్చి మాత్రం వెళ్లొద్దు. ఎమ్మెస్ లోన్ అయితే ఆ డిగ్రీ చూపించి ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఒక్క సెమిస్టర్‌కి డిగ్రీ లేదు, అక్కడే ఉండి పనిచేసే హక్కూ లేదు. దాని మీద అప్పు చేస్తే తీర్చాల్సింది ఇక్కడి మొదటి జీతంతోనే.

గుర్తుచేసేవాళ్లు ఉండరు

ఇక అక్కడి చదువు. ఇది చెప్పకపోతే ‘ఇన్ని తిప్పలుంటే ఎందుకెళ్లడం?’ అంటారు.

మన దగ్గర ఒక సెమిస్టర్‌లో ఎన్ని మెట్లు? రెండు మిడ్‌లు, అసైన్‌మెంట్లు, ఇంటర్నల్స్, హాజరు, వైవా, ఆ పైన సెమిస్టర్ పరీక్ష. ప్రతిదానికీ గ్రూప్‌లో సీఆర్ మెసేజ్. ఫీజు గడువుకు ఇంకో మెసేజ్. అక్కడ నా సబ్జెక్టుల్లో చాలావాటికి ఒక్కటే పరీక్ష, చివర్లో. హాజరు తీసుకోరు. పరీక్ష రాయాలంటే ఆన్‌లైన్‌లో మనమే నమోదు చేసుకోవాలి. గడువు దాటితే అంతే. మా ఫ్లోర్‌లో ఉండే ఇంకో దేశం కుర్రాడు ఒక పేపర్‌కి ఆ గడువు దాటించాడు. ‘వచ్చే సెమిస్టర్‌లో రాయండి’ అని మర్యాదగా జవాబొచ్చింది. ఎక్స్ఛేంజ్ విద్యార్థికి వచ్చే సెమిస్టర్ ఎక్కడుంటుంది?

క్లాసు తొంభై నిమిషాలు. మొదటిది పొద్దున ఏడున్నరకే. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. ఆదివారం షాపులు మూసేస్తారు. అద్దెకు దిగిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసుకెళ్లి అడ్రస్ నమోదు చేసుకోవాలి. ఇవన్నీ ఎవరూ వచ్చి చెప్పరు. ‘ఈ వారం నేను ఏం చేయాలి?’ అని నాకు నేనే రాసుకోవడం అక్కడే అలవాటైంది. ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో మేనేజర్ పని అప్పగించి మూడు రోజులు కనపడకపోయినా కంగారు పడకపోవడానికి కారణం అదే అనుకుంటాను.

ఇంకొకటి ల్యాబ్. ముగ్గురం ఒక గ్రూప్. ఒక ట్రాన్సిస్టర్ లక్షణాలు కొలవాలి. రీడింగులు థియరీ గీతకు దగ్గరగా రాలేదు. మన దగ్గర అలా అయితే ఏం చేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. పక్క బ్యాచ్ రికార్డ్ తెచ్చి, గీతను ‘సర్దుతారు’. అక్కడ ల్యాబ్ చూసే పరిశోధక విద్యార్థి మా రీడింగుల్ని చూసి తప్పని అనలేదు. ‘ఎంత తేడా వచ్చింది, ఎందుకొచ్చింది, దానికి మీ దగ్గరున్న ఆధారం ఏంటి?’ అని మూడు ప్రశ్నలు రాసిచ్చి వెళ్లిపోయాడు. వారం రోజులు దాని మీదే కూర్చున్నాం. వైర్ల నిరోధం లెక్కేశాం, వేడి ప్రభావం చూశాం, రెండుసార్లు మళ్లీ కొలిచాం. రిపోర్టులో ఎక్కువ మార్కులు ఆ వివరణకే పడ్డాయి. సరైన జవాబుకన్నా తేడాకు కారణం వెతకడానికి విలువ ఇచ్చిన మొదటి ల్యాబ్ నాకు అదే.

ఇది జర్మనీలోనే నేర్చుకోవాలా? నిజానికి అక్కర్లేదు. మన ల్యాబుల్లోనూ ఆ మూడు ప్రశ్నలు అడగొచ్చు. పైసా ఖర్చు లేదు. అడగడం లేదన్నదే నా బాధ.

సబ్జెక్టుల ఎంపికలో, భాషలో జాగ్రత్త

అక్కడ బ్యాచిలర్స్ క్లాసులు ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటాయి. ఇంగ్లిష్‌లో దొరికేవి చాలావరకు మాస్టర్స్ సబ్జెక్టులు. అంటే బీటెక్ మూడో ఏడాదిలో ఉండి, పీజీ విద్యార్థుల పక్కన కూర్చోవాలి. భయపడక్కర్లేదు, కానీ బేసిక్స్ గట్టిగా ఉండాలి. ఆరు థియరీ సబ్జెక్టులు తీసుకునే బదులు ఒక ల్యాబ్, ఒక సెమినార్ ఉండేలా చూసుకోండి. తిరిగొచ్చాక చెప్పుకోవడానికి పని మిగిలేది వాటిలోనే.

వెళ్లేముందు మూడు నెలలు జర్మన్ నేర్చుకోండి. ఏ1 స్థాయి చాలు. క్లాసు అర్థం కాకపోవచ్చు గానీ ఆఫీసులో, షాపులో, హాస్టల్ కేర్‌టేకర్ దగ్గర ఆ నాలుగు ముక్కలే దారి తెరుస్తాయి.

డ్రెస్డెన్‌లో మనవాళ్లు బాగానే ఉన్నారు. మొదటి వారం నాకు అన్నం పెట్టింది, సిమ్ ఇప్పించింది తెలుగు అన్నయ్యలే. వాళ్ల రుణం తీర్చుకోలేను. కానీ ఆరు నెలలూ ఆ కిచెన్‌లోనే పప్పుచారు, రాత్రి సినిమా అంటే, అమీర్‌పేట హాస్టల్‌కీ దానికీ తేడా చలి ఒక్కటే. ల్యాబ్ గ్రూప్‌లో వేరే దేశాలవాళ్లతో కలిసేలా నేను పట్టుబట్టి పేరు రాయించుకున్నాను. మొహమాటంగానే ఉంటుంది. ఆ మొహమాటం దాటడానికే కదా అంతదూరం వెళ్లింది.

ఇంటర్వ్యూలో ఏం జరిగింది?

ఈ సీజన్‌లో నేను హాజరైన మొదటి రెండు కంపెనీలు జర్మనీ మాటే ఎత్తలేదు. ఆప్టిట్యూడ్, కోడింగ్, అంతే. ఒకదాంట్లో కోడింగ్ రౌండ్ దగ్గరే ఆగిపోయాను. నేను అక్కడ ఉన్న నెలల్లో నా క్లాస్‌మేట్లు రోజూ కోడింగ్ ప్రాక్టీస్ చేశారు. ఆ తేడా స్పష్టంగా కనిపించింది.

మూడోది చిప్ వెరిఫికేషన్ చేసే హైదరాబాద్ కంపెనీ. ఇంటర్వ్యూ చేసినాయన రెజ్యుమే చూసి, ‘అక్కడ ఏం చేశావు?’ అన్నారు. యూనివర్సిటీ ర్యాంకు, ఊరి గొప్ప చెప్పబోతే వినేలా లేరు. ల్యాబ్ రీడింగుల కథ చెప్పాను. ఆయన పెన్ తీసి, ‘అయితే వేడి పెరిగితే కరెంట్ ఎటు పోతుంది, గీయి’ అన్నారు. ఇరవై నిమిషాలు దాని మీదే నడిచింది. ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఉద్యోగంగా మారుతుందో లేదో పనితీరు చూసి చెప్తామన్నారు. ఇప్పటికి నా ఫలితం అంతే. ఇంతకన్నా పెద్దగా చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టే.

కాబట్టి రెజ్యుమేలో ‘ఎక్స్ఛేంజ్ స్టూడెంట్, జర్మనీ’ అని ఒక్క లైను రాసి వదిలేయకండి. ఏ ల్యాబ్, ఏం కొలిచారు, ఏం తేలింది, గ్రూప్‌లో మీ వంతు ఏంటి అన్నది రెండు లైన్లలో రాయండి. అడిగేవాళ్లకు పట్టుకోవడానికి కొక్కెం దొరకాలి.

అందరికీ అవసరం లేదు

బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లు వెళ్లొద్దు. ముందు అవి తీర్చుకోండి. సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీలో ఉద్యోగమే లక్ష్యమైతే అదే ఆరు నెలలు ఇక్కడ కోడింగ్‌కి, ఒక మంచి ప్రాజెక్ట్‌కి పెట్టడం నయం. ఇంట్లో పరిస్థితి బాగోక చదువు అవ్వగానే జీతం కావాల్సినవాళ్లు స్కాలర్‌షిప్ లేకుండా ఈ ఆలోచన పెట్టుకోవద్దు. కోర్ బ్రాంచి మీద ఇష్టం ఉన్నవాళ్లు, రీసెర్చ్ వైపు చూస్తున్నవాళ్లు, ఎమ్మెస్‌కి పాతిక, ముప్పై లక్షలు పెట్టేముందు ఆ దేశం తమకు పడుతుందో లేదో చూసుకోవాలనుకునేవాళ్లు... వీళ్లకు మాత్రం ఇది మంచి దారి.

వెళ్లాలనుకుంటే దరఖాస్తుకు ముందు ఈ ఐదు కాగితాల మీద ఉన్నాయో లేదో చూసుకోండి:

- ఏ సబ్జెక్టుకు ఏ సబ్జెక్టు బదులో, క్రెడిట్లతో సహా.
- గ్రేడ్లు ఏ పద్ధతిలో మారుస్తారో, లేదా మార్చరో.
- లేని వారాలకు హాజరు, మిడ్‌ల సంగతి.
- మార్కుల పత్రం అక్కణ్నుంచి వచ్చేదాకా మిమ్మల్ని ‘బ్యాక్‌లాగ్’ కింద చూపించబోమన్న హామీ.
- ఇక్కడా అక్కడా కట్టాల్సిన ఫీజుల వివరం.

కాలేజీలు, ప్రభుత్వాలు చేయాల్సింది

బ్రోచర్‌లో విదేశీ యూనివర్సిటీల లోగోలు వేసుకోవడం మన కాలేజీలకు బాగా వచ్చు. ఆ ఒప్పందాల కింద నిరుడు ఎంతమందిని పంపారు, ఎంతమందికి అన్ని క్రెడిట్లూ వచ్చాయి అన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. అడ్మిషన్ అప్పుడే తల్లిదండ్రులు ఈ రెండు ప్రశ్నలు అడగాలి. సబ్జెక్టుల పోలిక పట్టికను ప్రతి విద్యార్థీ మొదట్నుంచి తయారు చేసుకునే పని లేకుండా, ఒప్పందం ఉన్న ప్రతి యూనివర్సిటీకీ డిపార్ట్‌మెంట్ ఒకసారి చేసి పెడితే చాలు. మాట ఇచ్చిన సార్ బదిలీ అయినా పట్టిక ఉంటుంది.

రెండోది డబ్బు. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాలు పీజీ, పీహెచ్‌డీ చదువులకు 20 లక్షల దాకా ఇచ్చి ఎంతోమందిని విదేశాలకు పంపాయి. ఒక్క సెమిస్టర్‌కి ఐదారు లక్షలు చాలు. అంటే ఒక పూర్తి డిగ్రీకి ఇచ్చే సాయంతో ముగ్గురు డిగ్రీ విద్యార్థుల్ని ఒక సెమిస్టర్‌కి పంపొచ్చు. ట్రిపుల్ ఐటీల్లో, జిల్లా యూనివర్సిటీల్లో చదివే పల్లెటూరి పిల్లలకు ఇలాంటి వాటా ఒకటి ఉంటే బాగుంటుంది. ఇప్పుడు వెళ్తున్నవాళ్లను చూస్తే, బ్లాక్డ్ అకౌంట్‌లో ఆరు లక్షలు వేయగలిగినవాళ్లే వెళ్తున్నారు. ల్యాబ్‌లో ఆ మూడు ప్రశ్నలకు వారం రోజులు కూర్చుని జవాబు వెతికే ఓపిక డబ్బున్నవాళ్ల పిల్లలకే ఉంటుందని ఎవరూ అనలేరు కదా.

అప్పటిదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. వీసా గురించి, జాకెట్ గురించి, టికెట్ ధర గురించి సీనియర్లను అడుగుతున్నారు. అవి తర్వాత చూసుకోవచ్చు. రేపు పొద్దున ముందు ఎగ్జామ్ సెల్‌కి వెళ్లి, ‘అక్కడి ముప్పై క్రెడిట్లకు ఇక్కడ నాకు ఏమిస్తారు, రాసివ్వగలరా?’ అని అడగండి. సరైన జవాబు వస్తే సగం పని అయినట్టే. నీళ్లు నమిలితే, అది రాసిచ్చేదాకా టికెట్ బుక్ చేయొద్దు.